మెట్లబావిలో పెన్‌డ్రైవ్

బొల్లారం బజారులో పదడుగుల వెడల్పున్న కంప్యూటర్ రిపేరు కొట్టు ఒకటుంది. నడిపేది ముప్పై ఏళ్ల కుర్రాడు. సాయంత్రం పూట వాళ్ల మేనమామ వచ్చి అక్కడే కూర్చుంటాడు. ఆయన ఆరోగ్య శాఖలో హెల్త్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. కంప్యూటర్ పని ఆయనకు రాదు. కానీ రోగం అనేది ఎక్కడ కనిపించినా దాని పుట్టుక తెలిసేదాకా వదిలే మనిషి కాదు. నా ల్యాప్‌టాప్ కీబోర్డు మార్పించుకోవడానికి వెళ్లిన రోజు ఆ ఇద్దరి మధ్య నడిచిన వాదన ఇది. పేర్లు రాయడం లేదు. యాస వాళ్లది వాళ్లకే ఉంచాను.

బల్ల మీద ఒక సీపీయూ మూత విప్పి ఉంది. లెక్కలు రాసిపెట్టే ఒక చిన్న ఆఫీసుది. అక్కడ మొత్తం ఐదు సిస్టాలున్నాయట. రెండు నెలల్లో ఈ డబ్బా కొట్టుకు రావడం ఇది మూడోసారి.

మామ: ఇది మొన్న కూడ ఇక్కడ్నే చూసిన గదరా. పక్కకు ఆకుపచ్చ స్టిక్కర్ ఉన్నది, నాకు గుర్తే.

అల్లుడు: అదే మామా. షార్ట్‌కట్ వైరస్. ఫార్మాట్ కొట్టి ఓఎస్ వేసిస్త. ఏడింటికల్ల తీస్కపోతరు.

మామ: మొన్న కూడ అదే చేసినవ్. అంతకు ముందూ అదే చేసినవ్.

అల్లుడు: ఇంకేం చేస్తరు? ఫార్మాట్ అంటే ఇల్లు పునాది దాక తీసి మళ్ల కట్టినట్టు. అండ్ల ఏ పురుగూ బతకదు.

మామ: బతకదు, ఒప్పుకుంట. మరి మళ్ల ఎట్ల వచ్చె?

అల్లుడు: వాళ్లే తెచ్చుకుంటరు. యాడ పడితే ఆడ పెన్‌డ్రైవ్ పెడ్తరు. దానికి నేనేం చేయాలె?

మామ: ఒకసారి వైరస్ అంటవ్, ఒకసారి పురుగు అంటవ్. అసలు అదేంది?

అల్లుడు: కస్టమర్ల నోట్ల అన్నీ వైరసే. లెక్క ప్రకారం వైరస్ అంటే ఇంకో ఫైలును అంటుకొని ఉంటది. ఆ ఫైలు నడిస్తేనే అది నడుస్తది. వార్మ్‌కు, అంటే పురుగుకు, ఆ ఆసరా అక్కర్లేదు. అదే ఒక పూర్తి ప్రోగ్రాం. తన నకలు తనే తీసుకొని ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంకు పోతది. 1988 నవంబరు 2న అమెరికాల మోరిస్ అనే స్టూడెంట్ ఒకటి వదిలిండు. అప్పటికి ఇంటర్నెట్ మొత్తం కలిపి 60 వేల మిషన్లు ఉంటయేమో. అండ్ల 6 వేల దాక పట్టిందని అంచనా. అది ఒక్క ఫైలు కూడ చెరపలే.

మామ: మరి నష్టమేంది?

అల్లుడు: దూరిన మిషన్‌లనే మళ్ల మళ్ల దూరింది. 'నేను ముందే ఉన్న' అని లోపల ఇంకో నకలు చెప్పినా, ఏడు సార్లల్ల ఒకసారి ఆ మాట వినకుండ దూరేటట్టు రాసిండు. నకళ్లు పెరిగి పెరిగి మిషన్లు కదలకుండ అయినయి.

మామ: అంటే పెరుగుడే దాని రోగం. సరే, ఇప్పుడు నీ ముందున్నదాని సంగతి చెప్పు.

అల్లుడు: ఇటు చూడు. పెన్‌డ్రైవ్ పెట్టంగనే ఫోల్డర్లన్నీ కనిపిస్తయి. కాని ఒక్కో బొమ్మ కింది మూలకు చిన్న బాణం గుర్తు ఉన్నది చూడు. ఇవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు. అసలు ఫోల్డర్లను పురుగు దాచిపెట్టింది. ఈ బాణం బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే ముందు పురుగు లేస్తది, దాని వెనకనే అసలు ఫోల్డర్ కూడ తెరుచుకుంటది. కావల్సింది కనిపించింది గాబట్టి మనిషికి అనుమానం రాదు. ఇగ అప్పట్నుంచి ఆ సిస్టంకు ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా దాని మీద కూడ ఇదే పని.

మామ: దాచిన ఫైళ్లు పోయినట్టేనా?

అల్లుడు: పోవు! శానా మంది ఇక్కడ్నే ఆగమైతరు. పెన్‌డ్రైవ్ ఖాళీ అయిందనుకొని దాన్ని ఫార్మాట్ కొడ్తరు. పురుగు చెయ్యని నష్టం మన చేత్తోటి మనం చేసుకుంటం. పోయిన నెల ఒక ఆడపిల్ల ఏడ్చుకుంట వచ్చింది, ఎంబీఏ ప్రాజెక్టు మొత్తం పోయిందని. అట్రిబ్ అనే కమాండ్ ఒకటుంటది. అది కొట్టి దాచిన గుర్తు తీసేస్తే ఐదు నిమిషాలల్ల అన్నీ బయటికొచ్చినయి.

ఇక్కడ నేనొక మాట కలుపుతాను. ఇంత తెలిసిన మనిషి ఈ సీపీయూ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏమీ చూడకుండా ఫార్మాట్ వైపు చెయ్యి చాపుతున్నాడు. తెలియక కాదు. అతని వాదన వినదగ్గదే, మామ కూడా దాన్ని తేలిగ్గా తీసిపారేయలేదు.

మామ: అంత తెలిసినోడివి, ఆ పురుగునే ఏరి పారెయ్యొచ్చు గదా? ఇల్లు కూలగొట్టుడు ఎందుకు?

అల్లుడు: ఏరొచ్చు. టాస్క్ మేనేజర్ తెరిచి, స్క్రిప్టును నడిపించే ప్రోగ్రాం లోపల తిరుగుతుంటే ముందు దాన్ని ఆపాలె. ఆపకుండ ఫైళ్లు చెరిపితే చెరిపినంత సేపట్ల మళ్ల పుట్టిస్తది. తర్వాత, సిస్టం ఆన్ కాంగనే లేచేటట్టు యాడ రాసుకున్నదో వెతకాలె. స్టార్టప్ ఫోల్డర్ చూడాలె, రిజిస్ట్రీ చూడాలె, టైం పెట్టి నడిపించే టాస్కులు చూడాలె. అన్ని జాగలల్ల తీసినంకనే అసలు ఫైలును చెరపాలె. అంతా చేసినా ఒకటి మిగుల్తది మామా. అది ఒక్కతే వచ్చిందా, ఇంకెవర్నన్న వెంట తెచ్చిందా? శానా పురుగులు లోపలికొచ్చినంక బయటినుంచి ఇంకో నాలుగు ప్రోగ్రాంలు దించుకుంటయి. పాస్‌వర్డులు చూసేది ఒకటి, కీబోర్డు మీద కొట్టేదంతా రాసుకునేది ఒకటి. నేను ఒకదాన్ని చంపి 'బాగయింది, తీస్కపో' అంటే, వాళ్లు రేపు ఆ సిస్టంలనే బ్యాంకు పని చేస్తరు. ఆ పాపం నాకొద్దు.

మామ: ఇది మంచి మాటనే.

అల్లుడు: ఇంకోటి విను. 2008 నవంబరుల కాన్‌ఫికర్ అని ఒకటి వచ్చింది. అది లోపల కూసొని యాంటీవైరస్ కంపెనీల సైట్లు తెరుచుకోకుండ అడ్డం పడేది. విండోస్ అప్‌డేట్‌ను ఆపేది. అంటే ఏ మిషన్‌ను శుభ్రం చేయాలెనో ఆ మిషన్ చెప్పే మాటనే నమ్మరాదు. అది 'అంతా మంచిగనే ఉన్నది' అంటది. అందుకే నేను ఆ మిషన్‌ను ఏమీ అడగ. తుడిచి పారేస్త.

మామ: తుడువు. నేను వద్దంటలేను. నీ తుడుపుతోటి పురుగు పోయిందన్న మాట మాత్రం ఒప్పుకోను. ఒక్కటి చెప్పు. ఫార్మాట్ కూడ అక్కర్లేకుండ, స్విచ్ ఆపితేనే చచ్చే పురుగు ఎప్పుడన్న వచ్చిందా?

అల్లుడు: వచ్చింది. స్లామర్. 2003 జనవరి 25. మొత్తం 376 బైట్లు. నీ ఫోన్‌ల ఒక చిన్న మెసేజ్ అంత. అది డిస్క్ మీద ఏమీ రాయకపోయేది, మెమరీలనే తిరిగేది. మిషన్ ఆపి వేస్తే ఉండదు.

మామ: మరి అల్కగ పోయి ఉండాలె గదా.

అల్లుడు: పోలే. పట్టే వీలున్న మిషన్లల్ల నూటికి తొంభైని పది నిమిషాలల్లనే పట్టేసింది. ఆపి వేసిన మిషన్‌ను పక్క మిషన్ మళ్ల పట్టేది. కన్నం మూసే ప్యాచ్ అంతకు ఆరు నెలల ముందే, 2002 జులైలనే వచ్చి ఉన్నది. వేసుకున్నోళ్లు తక్కువ.

మామ: చూసినవా? పడుకొని లేస్తే చచ్చే పురుగు. అయినా చావలే. ఎందుకంటే అది మిషన్‌ల లేదు. మిషన్‌కూ మిషన్‌కూ నడుమ ఉన్నది.

అల్లుడు: ఇగ రాస్ దొర కథ చెప్తవ్. బేగంపేట, దోమ, మలేరియా.

మామ: చెప్ప. 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపుల మలేరియా పురుగును చూసింది ఇక్కడికి దగ్గర్నే, నిజమే. కాని నీ పురుగు దోమ అసుంటిది కాదు. దోమ తనంతట తాను ఎగిరొచ్చి కుడ్తది. మనిషి ఏమీ చేయకున్నా వస్తది. మీ స్లామర్ ఆ జాతి. కొన్నేండ్ల కింద, పైసలు అడిగింది ఒకటి వచ్చె గదా?

అల్లుడు: వాన్నాక్రై. 2017 మే 12. అది కూడ దోమ జాతే. ఎవరూ దేన్నీ నొక్కక్కర్లే. సిస్టాలు ఫైళ్లు పంచుకోనీకి ఎస్ఎంబీ అనే పద్ధతి ఉంటది. దాని పాత వెర్షన్‌ల కన్నం దొరికింది. ఆ కన్నంల దూరుడు, ఫైళ్లకు తాళం వేసుడు, 300 డాలర్లు బిట్‌కాయిన్ల కట్టుమనుడు. మూడు రోజులు దాటితే 600. నూటయాభై దేశాలల్ల రెండు లక్షలకు పైగ మిషన్లు. ఇంగ్లండ్ల దవాఖానలల్ల ఆపరేషన్లు ఆగినయి. మన దిక్కు ఆంధ్రప్రదేశ్ పోలీసులకు పట్టింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాలల్ల 102 కంప్యూటర్లని అప్పుడు పేపర్లల్ల వచ్చింది.

మామ: దానికి కూడ మందు ముందే వచ్చి ఉన్నదా?

అల్లుడు: మార్చి 14న. రెండు నెలల ముందు.

మామ: మరి ఎవరు ఆపిండ్రు?

అల్లుడు: మార్కస్ హచిన్స్ అనే ఇంగ్లండ్ పిలగాడు. దాని కోడ్ చదువుతుంటే, అది దూరే ముందు ఒక వెబ్ చిరునామాను పిలుస్తున్నదని చూసిండు. ఆ చిరునామా ఎవరి పేరు మీదా లేదు. తన పేరు మీద రిజిస్టర్ చేసిండు. అవతలినుంచి జవాబు రాంగనే పురుగు ముందుకు పోకుండ ఆగింది.

మామ: చదివినోడు ఆపిండు. తుడిచినోళ్లు తుడుచుకుంటనే ఉన్నరు.

అల్లుడు: ఆయన ఆపింది వ్యాపించుడు మామా. అప్పటికే తాళం పడ్డ ఫైళ్లు ఆయనతోటి తెరుచుకోలే. తుడిచి, బ్యాకప్ నుంచి మళ్ల పెట్టుకున్నోళ్లే బతికిండ్రు. రెండూ కావాలె. ఒక్క చదువుతోటి ఎవరి సిస్టమూ బాగు కాదు.

మామ: ఆ మాట నిజమే, రెండూ కావాలె. నువ్వు ఒక్కటే చేస్తున్నవని నా కొట్లాట. నీ ముందున్నది దోమ కాదన్న గదా, అది నారికురుపు. నువ్వు పుట్టే నాటికే దాదాపు పోయింది గాబట్టి నీకు తెల్వదు.

తర్వాత ఆయన చెప్పినదాన్ని నేను తెగ్గొట్టకుండా రాస్తున్నాను. ఈ వాదన మొత్తంలో నాకు మిగిలినది ఇదే.

మామ: నారి అంటే పురుగు. గజం దాక పొడుగుంటది, తెల్లగ, సేమియా పోగు లెక్క. కాలు మీద బొబ్బ వస్తది. నిప్పు పెట్టినట్టు మండుతది. బొబ్బ పగిలి పురుగు తల బయట పెడ్తది. దాన్ని పట్టి గుంజితే తెగుతది, తెగితే లోపల చీము పట్టి కాలు వాచిపోతది. అందుకే చిన్న పుల్లకు చుట్టి, దినానికి అంగుళమో రెండు అంగుళాలో, నిమ్మళంగ తీసేటోళ్లు. నెల పట్టేది. దానికి గోలీ లేదు, సూది లేదు, టీకా లేదు. ఇప్పటికీ లేదు. పుల్లకు చుట్టి తీసుడు ఒక్కటే వైద్యం. నువ్వు ఇప్పుడు చేస్తున్నది అదే, ఈ సీపీయూకు పుల్ల చుడ్తున్నవ్.

అల్లుడు: తీస్తే పోతది గదా?

మామ: ఆ మనిషికి పోతది. కాని ఆ మంట పుట్టినప్పుడు మనిషి ఏం చేస్తడో తెలుసా? చల్లగుంటదని మెట్లబావిల కాలు పెడ్తడు. నీళ్లు తగలంగనే పురుగు వేల పిల్లలను నీళ్లల్లకు వదులుతది. ఆ పిల్లలను నీళ్లల్ల ఉండే సన్న పురుగులు తింటయి. ఆ నీళ్లు ఊరంత తాగుతది. ఏడాది తర్వాత ఆ తాగినోళ్ల కాళ్లకు బొబ్బలు. ఇలాజ్ కోసం పోయిన కాలే ఊరికి రోగం అంటిస్తది. అది పాపం దొంగ కాలు కాదు, మండుతున్న కాలు. అర్థమైతున్నదా?

అల్లుడు: మెట్లబావి అంటే మన రాష్ట్రపతి నిలయంల బాగుచేసి చూపిస్తున్నరు, అసుంటిదేనా?

మామ: అసుంటిదే. నీళ్లు అందాలంటే మెట్లు దిగి లోపలికి పోవాలె, కాళ్లు తడవాలె. చేదబావికి ఈ రోగం లేదు. గిలకకు తాడు వేసి గట్టు మీదనుంచే తోడుకుంటరు గాబట్టి కాలు నీళ్లకు తగలదు. మేము ఏం చేసినమంటే, మెట్లు మూయించి చేదబావులు చేయించినం, బోర్లు వేయించినం, నీళ్లల్ల మందు కలిపినం, ఇంటింటికి గుడ్డ ఇచ్చి వడకట్టుకొని తాగుమన్నం. బొబ్బ లేచిన మనిషిని బావి దిగకుండ ఆపినం. 1984ల దేశంల 40 వేల దాక కేసులు. 1996 జులైల ఆఖరి కేసు. 2000 ఫిబ్రవరిల మన దేశంల నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసిచ్చింది. ఒక్క గోలీ లేకుండ పోయిన రోగం అల్లుడా. పురుగు వెంబడి పడలే, తొవ్వ వెంబడి పడ్డం.

కొట్టులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బయట అల్వాల్ వైపు వెళ్లే బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

అల్లుడు: మెట్లబావి యాడున్నది మామా ఈ కేసుల?

మామ: నువ్వే చెప్పాలె. పది మంది పది పెన్‌డ్రైవులు తెచ్చి ఒక్క సిస్టంకే పెట్టే జాగ ఏది?

అల్లుడు: జిరాక్స్ షాపు. ప్రింటు కోసం.

మామ: ఒకటి. ఇంకా?

అల్లుడు: వాళ్ల ఆఫీసుల నడిమి సిస్టం. దాంట్ల షేర్డ్ ఫోల్డర్ ఉన్నది. ఐదు సిస్టాలకు ఒకటే పాస్‌వర్డ్, అదీ 12345. కాన్‌ఫికర్ ఇట్లాంటి పాస్‌వర్డుల పట్టీ తన లోపలనే పెట్టుకొని వచ్చేది, ఒకటొకటే కొట్టి చూసేది.

మామ: మరి నువ్వు తుడిచింది ఎన్ని?

అల్లుడు: ఒకటే. వాళ్లు తెచ్చింది ఒకటే గదా! ఐదూ తెమ్మంటే ఐదింటి పైసలు అడుగుతున్ననుకుంటరు. ఒక్కపూట పని ఆగితే వాళ్ల జీఎస్టీ లెక్కలు ఆగుతయి. నీ నారికురుపు సర్కారు పని మామా, జీతం మీద చేసినవ్. నాది కిరాయి కొట్టు. పార్క్ లేన్‌ల సీటీసీకి పోయి సామాన్ తెచ్చుకొని, మార్జిన్ మీద యాభయ్యో నూరో మిగిల్తే అదే నా బువ్వ. 'పురుగు యాడికెల్లి వచ్చింది' అని వెతికితే నాకు పైసలెవరిస్తరు?

ఇది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. మన ఊళ్లలో కంప్యూటర్లను నిజంగా కాపాడుతున్నది ఇలాంటి కొట్లే. వాళ్లకు డబ్బు వచ్చేది ఫార్మాట్‌కు. కారణం వెతికిన గంటకు ఎవరూ పైసా ఇవ్వరు. మామ దానికి జవాబు చెప్పలేకపోయాడు. ఇంకో వైపు నుంచి వచ్చాడు.

మామ: ఫార్మాట్ కొట్టినంక ఏ విండోస్ వేస్తవ్?

అల్లుడు: ఉన్నదే వేస్త. విండోస్ 7. పాత సిస్టం, కొత్తది పడదు. కొనుమంటే కొనరు, క్రాక్ వేస్త.

మామ: అప్‌డేట్లు?

అల్లుడు: ఆపేస్త. లేకపోతే క్రాక్ పోతది, మళ్ల నా మీదికొస్తరు.

మామ: అంటే ఇల్లు కూలగొట్టి, కొత్తగ కట్టి, అదే కన్నం అదే జాగల పెట్టి ఇస్తున్నవ్. వాన్నాక్రై కన్నం కూడ ఉంటదా అండ్ల?

అల్లుడు: ...ఉంటది. నా పెన్‌డ్రైవ్‌ల ఉన్నది పాత కాపీ.

మామ: సరే, నేనొకటి అడుగుత. దోమ పిల్లలను తినేటందుకు మేము బావులల్ల, కుంటలల్ల గంబూసియా చేపలు వదిలేటోళ్లం. అట్ల పురుగును తినే మంచి పురుగును ఒకటి వదలరాదా? ఊరి మీద పడి అన్ని మిషన్లు అదే బాగుచేసుకుంట పోతది.

అల్లుడు: వదిలిండ్రు మామా, ఒకసారి. 2003 ఆగస్టుల బ్లాస్టర్ అనే పురుగు వచ్చింది. వారానికే నాచి అని ఇంకోటి వచ్చింది, వెల్చియా అని కూడ అంటరు. అది బ్లాస్టర్‌ను చంపేది, మైక్రోసాఫ్ట్ నుంచి ప్యాచ్ దించి వేసేది, 2004 జనవరి 1 రాంగనే తనను తానే చెరుపుకునేటట్టు రాసి ఉన్నది.

మామ: ఇంక మంచిదే గదా!

అల్లుడు: కాదు. పక్క మిషన్ ఉన్నదా లేదా అని తట్టి చూసుకుంట పోయే ఆ తట్టుడుకే నెట్‌వర్కులు నిండిపోయినయి. ఎయిర్ కెనడాల చెక్-ఇన్ ఆగింది. అమెరికా నేవీ నెట్‌వర్క్ కుదేలైంది. అడగకుండ ఒకరి మిషన్‌ల దూరి, ఆపి, మళ్ల స్టార్ట్ చేసుడు ఎట్ల మంచిదైతది? ఆ టైంల అండ్ల ఏం పని నడుస్తున్నదో దానికేం తెలుసు?

మామ: నేను తప్పు అడిగిన. చేప కుంటల ఉంటది, పక్కింట్లకు దూకదు. సరే, ఆ సంగతి వదిలెయ్. నీ పెన్‌డ్రైవ్ అన్నవే, ఓఎస్ వేసేది. అది తియ్యి.

అల్లుడు: అదెందుకు?

మామ: మేము ఊర్లకు పోయినప్పుడు ముందు అడిగేది అదే. కాళ్లకు పట్టీలు కట్టే మనిషి ఏ నీళ్లల్ల చేతులు కడుగుతున్నడు?

కుర్రాడి ముఖం మారింది. మెడలో తాడుకు వేలాడుతున్న పెన్‌డ్రైవ్ తీశాడు. కొట్టులో విండోస్ సిస్టాలకు పెట్టలేదు. మూలనున్న పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లైనక్స్ ఉంది, దానికి పెట్టాడు. విండోస్ దాచిపెట్టిన ఫైళ్లు లైనక్స్‌లో మామూలుగానే కనిపిస్తాయి, ఈ పురుగు స్క్రిప్టు అక్కడ నడవదు. తెర మీద ఓఎస్ ఫోల్డర్, డ్రైవర్ల ఫోల్డర్, వాటి పక్కన అవే పేర్లతో రెండు షార్ట్‌కట్లు, వాటి కింద అర్థం లేని అక్షరాల పేరుతో ఒక స్క్రిప్టు ఫైలు. దాని తేదీ అతను చాలాసేపు చూశాడు. మొదటిసారి ఈ సీపీయూ కొట్టుకు వచ్చిన రోజు అది.

అల్లుడు: నేను అన్నీ మెనూలనుంచి నడిపిస్త. ఓఎస్ ఫోల్డర్ మీద నొక్కనే నొక్క. అందుకే కనపడలే.

మామ: నీ తప్పు అంటలేను.

అల్లుడు: నా తప్పే. ఫార్మాట్ కొట్టిన ప్రతిసారి, చివరికి డ్రైవర్లు వేయనీకి ఇదే పెట్టిన. డ్రైవర్ల ఫోల్డర్ మీద మాత్రం నొక్కిన. తుడిచిన చేతులతోటే మళ్ల పెట్టిన.

ఎన్నో కొట్లలో, ఎన్నో ఆఫీసుల్లో, సర్వీసు కుర్రాళ్ల జేబుల్లో ఉండే పెన్‌డ్రైవ్ ఇదే. మన దగ్గర ఈ పురుగులు ఇన్నేళ్లు బతకడానికి మొదటి కారణం మూర్ఖులైన వాడకందార్లు కాదు, బాగుచేసే చేతులు కడుక్కోకపోవడమే అని నేను నమ్ముతున్నాను. ఆటోరన్ కాలంలో పెన్‌డ్రైవ్ పెట్టడమే చాలు, పురుగు దానంతట అదే లేచేది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోసుల్లో కూడా ఆ తలుపు మూసింది. ఆ తర్వాత మిగిలిన తలుపు మన వేలు. ఆ వేలు కస్టమర్‌ది కావచ్చు, రిపేరు చేసేవాడిది కావచ్చు.

మామ: ఇప్పుడు చెప్పు. నీ లెక్కలనే చెప్పు, నా లెక్కల వద్దు. ఎట్ల తీస్తవ్?

అల్లుడు: ముందు వాళ్ల ఆఫీసుల ఐదు సిస్టాలకు ల్యాన్ వైర్లు పీకాలె, వైఫై ఆపాలె. ఒకటి బాగుచేస్తుంటే ఇంకోటి దాన్ని పట్టకుండ. డేటా ఉబుంటు నుంచి తీస్త, లెక్కల ఫైళ్లు, పీడీఎఫ్‌లు, ఫొటోలు మాత్రమే. ప్రోగ్రాం ఫైలు ఒక్కటి కూడ వెంట రానియ్య. అది అయినంకనే ఫార్మాట్, ఐదింటికీ. ఫార్మాట్ మాత్రం నేను వదల మామా, ముందే చెప్తున్న.

మామ: వదలకు. ఆ మాటల నువ్వే గెలిచినవ్.

అల్లుడు: ఓఎస్ ఇంక పెన్‌డ్రైవ్‌ల పెట్ట. డీవీడీ మీద రాసి పెట్టుకుంట, దాని మీద ఏదీ కొత్తగ ఎక్కదు. విండోస్ 7 వెయ్య, దానికి 2020 జనవరినుంచి అప్‌డేట్లే లేవు. రెండు సిస్టాలు కొత్త విండోస్‌ను మోస్తయి, లైసెన్సు కొనుమంట. మూడు మొయ్యవు, వాటికి ఉబుంటు వేస్త, వాళ్లు చేసే ఎక్సెల్ పని లిబ్రే ఆఫీసుల అయితది. అప్‌డేట్లు పూర్తిగ దిగినంకనే ఒకటొకటే ల్యాన్‌కు కలుపుత. పాస్‌వర్డులు ఐదింటికి ఐదు. రోజు పని చేసే అకౌంటుకు అడ్మిన్ అధికారం ఇయ్య. ఇగ పెన్‌డ్రైవులు... ఆఫీసుల ఉన్నయి, ఇంట్ల ఉన్నయి, బ్యాగులల్ల ఉన్నయి, అన్నీ తెమ్మనాలె. ఒక్కటి మిగిలినా నారి మిగిలినట్టే.

మామ: జిరాక్స్ షాపు?

అల్లుడు: ఆయన నాకు తెలుసు. పోయి మాట్లాడుత. ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ వద్దు, మెయిల్ చేయుమని బోర్డు పెట్టుమంట. అదే నీ చేదబావి.

మామ: ఇంకొకటి మిగిలింది. ఆ ఆఫీసోళ్లకు ఏం చెప్తవ్?

అల్లుడు: ఏం చెప్పుడేంది?

మామ: పురుగు మళ్ల నీ కొట్టునుంచే పోయిందని.

అల్లుడు: మామా, అది చెప్తే ఇంక ఈ బజార్ల నా దగ్గరికి ఎవరొస్తరు? బాగుచేసిస్త. పైసలు తీసుకోను. అది చాలదా?

మామ: చాలదు. ఆ రెండు నెలలల్ల నువ్వు ఆ పెన్‌డ్రైవ్ ఇంకెన్ని సిస్టాలకు పెట్టినవో నీకే తెలుసు. వాళ్లందరికీ తెలువాలె. మేము బావి గోడ మీద పెద్ద అక్షరాలతోటి రాసేటోళ్లం, ఈ నీళ్లు తాగొద్దని. ఆ బావి ఊరి పెద్దమనిషిది అయినా రాసేటోళ్లం. ఆయనకు కోపమొచ్చేది. రాయకపోతే రోగం పోకపోయేది.

అల్లుడు: నీకు జీతం ఆగలే.

మామ: ఆగలే, నిజమే. నీకు ఆగొచ్చు. అయినా చెప్పు.

ఈ ఒక్క విషయంలో వాళ్లిద్దరూ ఆ సాయంత్రం ఒప్పందానికి రాలేదు. కుర్రాడు మాటలాపి, బిల్లుల పుస్తకం తీసి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. ఏ తేదీన ఎవరి సిస్టం వచ్చిందో వేలు పెట్టి చూస్తూ ఒక కాగితం మీద ఫోన్ నంబర్లు రాసుకుంటున్నాడు. నాకు నా ల్యాప్‌టాప్ ఇచ్చి, కీబోర్డు మార్చాక డ్రైవర్ వేయడానికి ఆ పెన్‌డ్రైవే పెట్టానని, రేపు మళ్లీ తెమ్మని చెప్పాడు. మొదటి ఫోన్ ఎవరికి చేయాలో అప్పటికే అతనికి తెలుసని నాకు అనిపించింది.

మర్నాడు నేను వెళ్లేసరికి కొట్టు ముందు ఆటో ఆగి ఉంది. మిగతా నాలుగు సీపీయూలూ దిగాయి. ఒక ప్లాస్టిక్ సంచిలో పదకొండు పెన్‌డ్రైవులు వచ్చాయి. వాటిలో నాలుగింట్లో అది ఉంది. నా ల్యాప్‌టాప్‌లో కూడా ఉంది.